మిర్యాలగూడ మిల్లు తొట్టిల మేం కట్టిన ఇండ్లు

ఇగో, ఆ కుర్చీ జర ఇటు గుంజుకోండ్రి. ఫ్యాను సప్పుడుల నా మాట సగం కొట్టుకపోతది. గడప కాడ కూసున్నోళ్లు గూడ లోపలికి రాండ్రి, జాగ చాలా ఉన్నది. కంటికి కనపడనోళ్లకు మేం మిషన్‌తోని ఇండ్లు కట్టి, అండ్ల ఎవరు బతికిండ్రో, ఎవరు సచ్చిండ్రో చూసిన ముచ్చట చెప్త. ఆ రోజు తలుసుకుంటే ఇప్పటికీ నాకు కాళ్లు ఒక్క కాడ ఆగవు.

నేను సూర్యాపేటల ఓ కాలేజీల అటెండరుగ చేసి రిటైరైన. చదువంటరా, ఐదో తరగతి కాడనే పలక కింద పెట్టిన. కాలేజీకి ఊడ్వనీకి పోతే, చేతులు నిమ్మళంగ ఉన్నయని సూక్ష్మజీవుల ల్యాబుల గాజు సామాను కడిగే పనికి మార్చిండ్రు. గాడ మనిషి నడుమంత ఎత్తు కుక్కరొకటి ఉంటది. సీసాలు, గొట్టాలు, క్రిములకు పెట్టే తిండి, అన్నీ అండ్ల ఏసి ఉడకబెట్టాలె. పిలవని క్రిములను చంపుడు, పిలిచిన క్రిములను సాకుడు, గదే నా ఉద్యోగం. మా ఇంటాయన అనేటోడు, "ఇంట్ల దోమను చంపవు గాని ఆడ ఎందర్ని ఉడకబెడ్తున్నవో!" అని.

ఆ ల్యాబుకు పెద్ద మా మేడం. నన్ను "అక్కా" అనే పిలిచేది. ఆమెకొక పిచ్చి ఉన్నది. ఏది చేసినా పక్కన పోలిక పెట్టందే నమ్మది. ఓసారి కొత్త రకం చాయ్ పత్తి తెచ్చి చాయ్ పెట్టిన. ఒక్క గుక్క తాగి, "అక్కా, పాత పత్తితో ఇంకో కప్పు పెట్టు, పక్కపక్కన తాగితే గాని చెప్పలేను" అన్నది. నేను మనసుల తిట్టుకుంట పెట్టిన. రెండూ తాగి, "రెండూ ఒక్కటే" అన్నది.

ఇంకొకామె కోదాడ పిల్ల. పరిశోధన చేసి డాక్టరు పట్టా తీసుకునే చదువు ఆమెది. రోజూ కోదాడ నుంచి బస్సుల వచ్చేది. బస్సు దిగంగనే మొదలైన మాట, మళ్ల బస్సెక్కేదాక ఆగేది కాదు. కోదాడోళ్లు కద, మాటల ఆంధ్రా వాసన ఉంటది. "ఏంటాంటీ, ఇంకా టిఫిన్ చేయలేదా?" అంటది. "ఏంటాంటీ కాదు బిడ్డా, ఏందాంటీ అను, కడుపు నిండుతది" అని నేను ఎక్కిరిస్త. పకపక నవ్వేది.

ఇగ అసలు సంగతికొస్త. మిర్యాలగూడ దిక్కు బస్సుల పోయినోళ్లకు ఎరుకే, ఊరు రాకముందే ముక్కుకు ఊరొస్తది. గాడ మిల్లులు చాలా. ఉప్పుడు బియ్యం కోసం వడ్లను వేడినీళ్లల్ల నానబెడ్తరు. ఆ నీళ్లు ఇడిస్తే పచ్చగ, జిగటగ, పుల్లటి కంపుతోని పారుతయి. ఆ నీళ్లను తిని బతికే క్రిములు ఉన్నయి. వాటిని సాకి, తొట్టిలల్ల వదిలి, నీళ్లను బాగుచేయాలె. గిదీ మా పిల్ల పని.

అయితే ఒక్క క్రిమితోని ఆ పని కాదు. తెల్లగుండేవి కొన్ని, గాలి లేకుంటే బతకవు. అవి పిండిని, చక్కెరను ఇరగ్గొట్టి చిన్నగ చేస్తయి. నేరేడుపండు లెక్క ఎర్రగుండేవి కొన్ని, వాటికి గాలి పడది. తెల్లవి ఇరగ్గొట్టింది అవి తింటయి. ఒకరు వండితే ఇంకొకరు తిన్నట్టన్న మాట. నేను వాటిని తెల్లోళ్లు, ఎర్రోళ్లు అనేదాన్ని. "ఆంటీ, మీరు సంఘాలు పెట్టేట్టున్నారు" అని పిల్ల నవ్వేది.

రెండింటిని ఒక్క గిన్నెల కలిపి, జిగురుల పోసి, ఉండలు చేసి చూసినం. శానా మాట్లు చూసినం. ప్రతిసారి తెల్లోళ్లు బలిసి, జాగంత వాళ్లే ఆక్రమించుకొని ఎర్రోళ్లను ఉండనియ్యకపోయేటోళ్లు. ఉండ లోపల్నించి ఉబ్బి, పగుళ్లిచ్చి, మెత్తగయ్యేది. పిల్ల ఆ ఉండలను అరచేతిల పెట్టుకొని ఊకె చూసేది. "వీళ్లకు గదులు వేరే వేరే కట్టిస్తే గాని పొత్తు కుదరదు ఆంటీ" అన్నది ఓ రోజు.

గప్పుడొచ్చింది మిషన్. హైదరాబాదుల ఓ పెద్ద సంస్థ వాళ్లు మా కాలేజీకి వాడుకోనీకి ఇచ్చిండ్రు. ఏడాది వాడుకొమ్మన్నరు. పని కనపడితే మిషన్ మాదే, కనపడకుంటే ఇంకో కాలేజీకి తీసుకపోతమన్నరు. మిషన్ పోయిందా, పిల్ల చదువు నడిమిట్ల ఆగినట్టే. అది లేకుండ చేసేది కాదు ఆ పని. పిల్ల ఆ మిషన్ పక్కన నిలబడ్డప్పుడల్ల దాన్ని మెల్లగ నిమిరేది, పసిపిల్ల ఒంటి మీద చెయ్యేసినట్టు.

పేరుకు త్రీడీ ప్రింటరు. కాగితం మీద అచ్చు గొట్టేది కాదు. గ్యాస్ పొయ్యంత ఉంటది, పైన సూది మొన ఉన్న గొట్టాలు. సముద్రపు నాచు నుంచి తీసిన పొడిని నీళ్లల్ల కలిపితే జిగటైతది. అండ్ల క్రిములను కలిపి గొట్టంల పోస్తే, మిషన్ ఆ సన్నటి తాడును సుట్టుకుంట, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంట పోతది. కింద సున్నపు జాతి ఉప్పు కలిపిన నీళ్లుంటయి, వాటికి తగలంగనే గట్టిపడుతది. మొదటిసారి చూసి నేను నోరు తెరిచిన.

"అయ్యో, ఇది సకినాలు సుడుతున్నది కదనే!" అన్న.

పిల్ల తల ఎత్తింది. "సకినాలు అంటే?"

"నీ కోదాడ పాడుగాను! సంక్రాంతికి చేసే పిండివంట, సకినాలు ఎరుకలేదా? చేతివేళ్ల సందుల నుంచి పిండి జారిడిసి గుండ్రంగ సుడుతం. పిండి పలుసనైతే కూలబడ్తది, గట్టిగైతే తెగుతది."

"అచ్చం ఇదే బాధ ఆంటీ మాది!" అని మేడం దిక్కు తిరిగి, "మేడం, ఆంటీ మన ప్రాబ్లం మొత్తం ఒక్క ముక్కలో చెప్పేసింది" అన్నది. మేడం ఏమన్నదో ఎరుకేనా? "మంచిది. పలుచది ఒకటి, గట్టిది ఒకటి, నడిమిది ఒకటి, మూడూ పక్కపక్కన పెట్టండి."

శానా రోజులు కూలబడ్డయి. ఒకటి పొద్దుగాల నిలబడ్డట్టు ఉండి మధ్యాహ్నానికి పేడ లెక్క జారేది. ఇంకొక దాంట్ల సూది మొన మూసుకపోయి మిషన్ ఊకె గుర్‌మనేది. పిల్ల దానితోని మాట్లాడేది, బతిలాడేది, ఒక్కోసారి "నీకు నేనేం పాపం చేశాను!" అని తిట్టేది. ఆఖరికి ఓ పగలు నిమ్మకాయంత ఇల్లు ఒకటి నిలబడ్డది. నడుమ గది లెక్క ఎర్రోళ్ల అర్ర, దాని సుట్టూ తెల్లోళ్ల గోడ. ఇద్దరి నడుమ పలుసటి అడ్డం, తిండి పోతది గాని మనిషి పోడన్నట్టు. మేం ముగ్గురం ఊపిరి బిగపట్టుకొని చూసినం. కూలలె. పిల్ల నన్ను గట్టిగ పట్టుకొని గిరగిర తిప్పింది. నా చేతిల గాజు సీసా ఉన్నది, అది పడకుండ ఎట్ల పట్టుకున్ననో దేవునికెరుక. ఇంకో మూలకు సూస్తే మేడం ఒక్కతే చప్పట్లు కొడుతున్నది!

ఆ ఇండ్లను మిర్యాలగూడల ఓ మిల్లుకు తీసుకపోయినం. మిల్లు సేటు పెద్దమనిషి, మాట తియ్యగుంటది. నీళ్ల కంపు మీద రైతులు మొత్తుకుంటున్నరు గనుక ఒక సిమెంటు తొట్టి మాకు ఇడిచిండు. "సూడమ్మా, మీ పురుగులు ఏం జేస్తయో సూద్దాం" అన్నడు. ఆయన కింద సూపర్‌వైజర్ ఒకాయన. నల్లగ, గట్టిగ, ఎప్పుడు చూసినా పరుగుమీదుండే మనిషి. తర్వాత మేం పోయినప్పుడల్ల, "అక్కా, మీ పాప ఇండ్లు పెట్టిన కాన్నుంచి ఎంత మంచిగైందో! తొట్టి కాడ కూసొని అన్నం తినొచ్చు" అనేటోడు. ఇండ్లు చెల్లాచెదురు కాకుండ ఉల్లిగడ్డల జాలి సంచులల్ల ఏసి, కట్టెకు కట్టి నీళ్లల్ల ఏలాడదీసినం. మేడం ఊకుంటదా? మిషన్‌తోని కట్టిన ఇండ్ల సంచి పక్కన, ఊకె కలగలిపి చేసిన పాత ఉండల సంచి గూడ కట్టిపిచ్చింది. పోలిక లేకుంటే ఆమెకు నిద్ర పట్టదు.

నీళ్ల కంపు మెల్లమెల్లగ తగ్గింది. మేం ఎవ్వరం పైకి అనలె గాని, ముగ్గురికీ లోపల పండుగే.

ఇగ మిషన్ ఇచ్చిన హైదరాబాదు సంస్థ పెద్దసారు వచ్చి చూసే రోజొచ్చింది. ఆయన "బాగున్నది" అంటేనే మిషన్ మాకుంటది. మేడం సూర్యాపేటల సారును కారు ఎక్కించుకొని వస్తదన్నది. నేను పొద్దుగాల బస్సు పట్టుకొని పోయిన. పిల్ల హుజూర్‌నగర్ మీదుంగ ఇంకో బస్సుల వచ్చి నన్ను బస్టాండుల కలిసింది. నాకు కొత్త చీర, ఆమెకు ఇస్త్రీ డ్రెస్సు. ఆటోల కూసొని పోతున్నం, పిల్ల ఇంగ్లీషుల మాటలు బట్టీ పడుతున్నది.

మీకు ఎరుకే కద, మా దిక్కు పెద్ద సారొస్తుండంటే మొదట దిగేది సారు కాదు, బ్లీచింగ్ పౌడరు సంచి. దారికి అటు ఇటు తెల్లటి గీతలు కొడ్తరు, మురికి మోరీల మీద సల్లుతరు. స్కూలైనా, దవాఖానైనా, చెరువు కట్టైనా సరే, గీతలు కొట్టంది సారు అడుగు పెట్టడన్నట్టు. మిల్లు గేటు కాడ దిగి చూస్తే, లోపలిదాక ఇటో గీత, అటో గీత, పెండ్లి పందిరికి ముగ్గేసినట్టు. నేను "మస్తు చేసిండ్రు" అనుకున్న. పిల్ల ఒక్కసారి ముక్కు పైకెత్తి, చేతిల సంచి నా మీద పడేసి ఉరికింది.

నేను పోయేసరికి తొట్టి అంచు పట్టుకొని కూసున్నది. నీళ్లు అద్దం లెక్క తెల్లగున్నయి. కండ్లు మంటెత్తే వాసన. సూపర్‌వైజర్ పక్కన నిలబడి, చేతులకు తెల్లటి పొడి అంటి, ముఖం నిండ సంతోషంతోని ఉన్నడు.

"అక్కా, సూసినవా! సారొస్తుండు కద, కంపు ఏమన్న మిగిలుంటే పాపకు మాట వస్తదని. గీతలు గొట్టంగ మిగిలింది, పారేయబుద్ధి కాలె. తొట్టిల పోసిన. ముక్కు పెట్టి సూడు, వాసనున్నదా?"

"ఏం చేశారండీ మీరు!" పిల్ల లేచి నిలబడ్డది. "అవి ప్రాణాలండీ. చచ్చిపోతాయి! బ్లీచింగ్ వేసేదే క్రిముల్ని చంపడానికి కదండీ!"

ఆయన ముఖంల ఉన్న సంతోషం ఎట్ల దిగిందో చెప్పలేను. "క్రిములంటే... చెడ్డ క్రిములు కద పాపా? మీవి మంచియి కద?" అన్నడు.

పిల్ల మేడంకు ఫోను చేసింది. మేడం కారుల సారు పక్కన కూసున్నది. "మేడం, తొట్టిలో బ్లీచింగ్ పోశారు!" అంటే, అవతల్నుంచి, "ఆ, ఆ, దగ్గరకొచ్చేశాం, సార్‌కు చాయ్ చెప్పు" అని వినపడ్డది. సిగ్నల్ పోయింది.

గప్పుడు సేటు వచ్చిండు. సంగతి విని, గడ్డం గోక్కొని, పిల్లను పక్కకు పిలిచిండు. నేను గూడ పక్కనే ఉన్న.

"ఏం గాలేదమ్మా. గాభరా పడకు. నీళ్లు సూడు, అద్దం లెక్కున్నయి. కంపు లేదు. సారుకు లోపలి సంగతి ఏం ఎరుక? నువ్వు జర నవ్వుకుంట నిలబడు. ఆయన రాసిపోతడు. నీ మిషన్ నీకుంటది, నా మిల్లు నాకుంటది. రేపు మళ్ల కొత్తయి కట్టుకో, ఎవరొద్దన్నరు?"

మాట తప్పు లేకుండ తియ్యగనే ఉన్నది. పిల్ల నా దిక్కు చూసింది. "నువ్వెట్లంటే అట్లనే బిడ్డా" అన్న.

కారు వచ్చింది. పెద్దసారు పొడుగ్గ, సన్నగ, చెప్పులేసుకొని దిగిండు. బూట్లు లేవు, కోటు లేదు. గీతల నడుమ నుంచి నడిచి తొట్టి కాడికి వచ్చి, లోపలికి వంగిండు. "చాలా బాగుందే! వాసనే లేదు. నీళ్లు బాగా తేటగా ఉన్నాయి" అన్నడు. మేడం ముఖం ఎలిగిపోయింది, ఆమెకు ఏం ఎరుక? సేటు రెండు చేతులు కట్టుకొని, "అంతా పిల్లల కష్టం సార్" అన్నడు. సూపర్‌వైజర్ పొడి అంటిన చేతులు ఎనక పెట్టుకున్నడు. నేను మనసుల ఒక్కటే అనుకుంటున్న, ఇంకొక్క మాట అని సారు మళ్లితే అయిపాయె.

సారు మళ్లబోతుంటే పిల్ల, "సార్, ఒక్క మాట" అన్నది.

బట్టీ పట్టిన ఇంగ్లీషు ఏడ పోయిందో, తెలుగే వచ్చింది. "ఈ తేటదనం మా వల్ల కాదు సార్. ఇవాళ పొద్దున ఇందులో బ్లీచింగ్ పోశారు. కావాలని కాదు, మా మంచికే పోశారు. నిన్నటిదాకా కంపు తగ్గిన మాట నిజం. కానీ మేం పెట్టినవి ఇప్పుడు బతికున్నాయో లేదో నాకు తెలీదు."

సేటు ఆకాశం దిక్కు చూసిండు. మేడం కండ్లద్దాలు తీసి మళ్ల పెట్టుకున్నది.

"అయితే నేను చూడ్డానికొచ్చింది ఏంటమ్మా?" అన్నడు సారు. కోపం లేదు, నవ్వూ లేదు.

మేడం జవాబిచ్చింది. "ఒకటి తీసి కోసి చూద్దాం సార్. మనం అందరం ఇప్పుడే చూస్తాం."

పిల్ల సంచి పైకి గుంజింది. ఇల్లు చేతిల పెట్టుకుంటే పైన అంతా తెల్లగ, సున్నం కొట్టినట్టున్నది. కత్తి పెడితే మెత్తటిది నలిగిపోయి రంగులు కలుస్తయి. "దారం ఉందా ఎక్కడైనా?" అన్నది. ఆ మాట నోట్ల ఉండంగనే సూపర్‌వైజర్ ఉరికిండు, బస్తాలు కుట్టే దారం మూరెడు తెంపుకొచ్చిండు. నేను ఇంటిని అరచేతుల పట్టుకున్న, పిల్ల దారం రెండు కొసలు పట్టి నిమ్మళంగ దించింది.

రెండు చెక్కలైంది. ఉడకబెట్టిన గుడ్డును కోసినట్టే. పైన తెల్లటి పెంకు, దాని కింద పాలిపోయిన తెలుపు. నడిమిట్ల, పచ్చసొన ఉండాల్సిన కాడ, నేరేడుపండు ఎరుపు. నిగనిగ.

"అమ్మో!" అన్న, ఎవరున్నరో సుత చూడకుండ.

తర్వాత పక్క సంచిలోంచి కలగలుపు ఉండను తీసి కోసిండ్రు. అది పగుళ్లిచ్చి ఉన్నది కద, ఆ సందులల్లంగ బ్లీచింగ్ లోపలిదాక పోయింది. కొస నుంచి కొసదాక ఒక్కటే తెలుపు, నానిన అటుకుల ముద్ద లెక్క.

పిల్ల మాట మళ్ల మొదలైంది, ఇగ ఆగలె. "సార్, బ్లీచింగ్ ముందు తగిలిన వాటి మీదే ఖర్చయిపోయినట్టుంది. బయట గోడలో ఉన్నవి దాన్ని తమ మీద వేసుకుని చచ్చాయి. లోపలికి వెళ్లేసరికి దానికి బలం లేదు. గోడ ఉంది గనుకే సార్! గదులుగా కట్టాం గనుకే!"

సారు చెక్కను ఎలుగుల తిప్పి చూసిండు. "రంగు మిగిలితే ప్రాణం మిగిలినట్టు కాదమ్మా" అన్నడు.

"నేను అదే అనబోతున్నా సార్" అన్నది మేడం. ఇద్దరూ ఒక్క రకమే అని నాకు అప్పుడు అర్థమైంది.

ఇగ ఏం చేసినమో వినుండ్రి. ఎర్రోళ్లు తినేటట్టు, వడ్లు నానబెట్టి పులిసిన నీళ్లు తెప్పించి, హమాలీలకు చాయ్ కాసే పొయ్యి మీద నేను బాగ మరగబెట్టిన, దాంట్ల పిలవని క్రిములు ఏమన్న ఉంటే పోవాలె గద. సల్లారినాక మూడు సీసాలల్ల పోసినం. ఒకదాంట్ల మా ఇంటి నడిమి ఎరుపు కడిగి ఏసినం. ఇంకొకదాంట్ల కలగలుపు ఉండ నడిమి భాగం. మూడోదాంట్ల ఏం లేదు, ఒట్టి నీళ్లే. లోపల ఎవరన్న బతికి తింటే గాలి పుడుతది. ఆ గాలి పట్టనీకి సీసా మూతికి బుడగ తొడగాలె. బుడగల కోసం సూపర్‌వైజర్‌నే తోలినం. ఆయన బజారుల దొరికినయి తెచ్చిండు, మీద ఇంగ్లీషుల ఏందో రాసున్నయి.

"హ్యాపీ బర్త్‌డేవి తెచ్చావేంటయ్యా!" అన్నది మేడం.

"గవే ఉన్నయి మేడం. పిల్లల దుకాణం అది" అన్నడు పాపం.

తొడిగితే ముడుచుకొని ఏలాడినయి, అక్షరాలు ఒకదాంట్లొకటి దూరిపోయి. సీసాలను సేటు ఆఫీసు అర్రల, బాయిలరు గోడ పక్కన యెచ్చగ పెట్టినం. సారు తలుపుకు తాళమేసి, తాళంచెవి జేబుల ఏసుకున్నడు. "పెద్దవూర వైపు ఇంకో పని ఉంది. రేపు పొద్దున వచ్చి నేనే తెరుస్తా. మీరెవరూ లోపలికి వెళ్లలేదని నాకు నమ్మకం ఉండాలి కదా" అన్నడు. మేడం తల ఊపింది, ఆమెకు బాగ నచ్చింది ఆ మాట.

మమ్మల్ని సేటు ఇంట్ల పండుకోబెట్టిండ్రు. ఆయన ఇంటామె కడుపునిండ పెట్టింది. పిల్ల మాత్రం ముద్ద మింగలె. నోట్ల మాట ఆగని పిల్ల ఊకుంటే ఇల్లంత బోసిపోయింది.

తెల్లారి మిల్లు కాడ జాతర అయింది. సంగతి హమాలీలకు ఎట్ల తెలిసిందో, బస్తాలు ఇడిసిపెట్టి అందరు వచ్చిండ్రు. సారు వచ్చి తాళం తీసిండు. పిల్ల లోపలికి రాలె. గోడ దిక్కు ముఖం పెట్టి నిలబడ్డది.

"ఆంటీ, మీరు చూసి చెప్పండి. నావల్ల కాదు."

నేను పోయిన. సారు, మేడం నా ఎనక. మొదట కంటికి తగిలింది ఒట్టి నీళ్ల సీసా, బుడగ ముడుచుకొనే ఉన్నది. దాని పక్కది కలగలుపుది, అదీ ఏలాడుతున్నది. ఆఖరుకు మా ఇంటి ఎరుపు ఏసిన సీసా దిక్కు చూసిన. దగ్గరికి పోయి వంగిన.

"ఏముంది ఆంటీ? చెప్పండి ఆంటీ!" బయట్నుంచి పిల్ల.

జామకాయంత బుడగ, సీసా మూతి మీద నిక్కి నిలబడ్డది. ఎక్కువేం కాదు, జాతరల బుడగంత కాదు. గాని నిలబడ్డది! నాకు ఇంగ్లీషు రాదు, అయితే ముడుచుకున్న అక్షరాలు విచ్చుకున్నయో లేదో చూడనీకి చదువేం కావాలె? నా భుజం మీదికెళ్లి సూపర్‌వైజర్ తొంగిచూసి, మిల్లు అదిరేటట్టు చదివిండు.

"హ్యాపీ బర్త్‌డే!"

బయట హమాలీలు ఎందుకో ఏందో ఎరుకలేకున్నా ఈలలేసిండ్రు. పిల్ల ఉరికొచ్చి సీసా ముంగట మోకాళ్ల మీద కూసున్నది. నవ్వుతున్నది, ఏడుస్తున్నది, బుడగను ముట్టాలని చెయ్యి పెట్టి మళ్ల తీసుకుంటున్నది. సూపర్‌వైజర్ తుండుగుడ్డతోని కండ్లు ఒత్తుకొని, "పాపా, నేను సంపలె కద?" అన్నడు. "సగం చంపారు" అన్నది పిల్ల. "సగమే!" అని ఆయన దండం పెట్టిండు.

సారు ఆ మూడు సీసాలను ఒక్కొక్కటి చేతిలకు తీసుకొని చూసిండు. "ఇది ఒక్కసారి జరిగింది మాత్రమే. ల్యాబులో మళ్లీ మళ్లీ చేసి చూడాలి" అని, మేడం దిక్కు తిరిగిండు. "మిషన్ మీ దగ్గరే ఉంటుంది. నేను ఎక్కడికెళ్లినా నాకు అద్దంలాంటి నీళ్లే చూపిస్తారండీ. తొట్టి పెట్టిన ప్రతిచోటా ఎవరో ఒకరు బ్లీచింగ్ పోస్తారు, నాకు మాత్రం చెప్పరు. పోసినా బతికేది ఏదో తెలియాలి కదా."

సేటు ముందుకొచ్చిండు. "అయితే సార్, మా బ్లీచింగ్ వల్లనే పిల్ల పాసైనట్టు కద!" అన్నడు. సారు మొదటిసారి నవ్విండు.

అంతా సక్కగయిందనుకోకుండ్రి. బయటి తెల్లోళ్లు సచ్చిపాయె కద, వారం తిరగకముందే తొట్టి కంపు మునుపటి కంటె ఎక్కువొచ్చింది. సేటు ఫోను చేసి మేడంను దులిపిండు. మేం మళ్ల సూర్యాపేటల సుట్టుడు మొదలుపెట్టినం, ఈసారి గోడ మందంగ. పిల్ల తన చేతులతోని బ్లీచింగ్ చుక్కచుక్క పోసి, ఎంతకు ఓర్చుకుంటయో చూసింది. నేను మళ్ల సీసాలు కడిగిన. నేను రిటైరైనంక ఆ పిల్ల పట్టా తీసుకున్నదని విని, మా వాడకట్టంత మిఠాయి పంచిన.

ఇంట్ల ఒక్కదాన్నే కూసున్నప్పుడు ఒక్కటి తలుసుకుంట. సారు మళ్లబోతున్న ఆ గడియల పిల్ల నోరు తెరవకపోతే ఏమయ్యేది? మిషన్ అప్పుడు గూడ మాకే మిగిలేది. సంచి పనికిరాదని ఎత్తి కాలువల పడేసేటోళ్లం. ఆ తెల్లటి పెంకు లోపల ఎర్రగ బతికున్నోళ్లను ఎవ్వరం కోసి చూడకపోయేటోళ్లం. ఆమె ఇన్నేండ్లు పడ్డ కష్టం నిజంగనే పని చేసిందని ఆమెకే తెలియకపోయేది. గెలిచినా గెలిచినట్టు ఎరుక లేకుండ బతికేది.

సరే, పొద్దుపోయింది, లేవుండ్రి. మీ ఇంట్ల రోజూ పాలు గడ్డపెరుగు లెక్క తోడుకోవాలె. మీ దోశ పిండి గిన్నె దాటి పొంగాలె. మీ చేను మట్టిల కనపడనోళ్లు, మీ కడుపుల ఉన్న కనపడనోళ్లు, అందరు సల్లగుండి మిమ్మల్ని సల్లగ చూడాలె. ఎవరి అర్రల వాళ్లు సుఖంగ ఉండి, ఒక్క పొయ్యి మీద వండుకొని తినుండ్రి బిడ్డలారా.